పెరిస్కోప్ లేని సబ్‌మెరైన్

సౌదీలోని రాస్ తనూరాలో ఆ షట్‌డౌన్ నడిచిన రెండు నెలలూ నాకూ ఇంకొకాయనకూ కలిపి ఒకటే మంచం. రిఫైనరీని ఆపి మరమ్మతులు చేసే రోజుల్ని షట్‌డౌన్ అంటారు. అప్పుడు ఎక్కడెక్కడి నుంచో వేలమంది దిగుతారు, క్యాంపుల్లో మంచాలు చాలవు. అందుకని డే షిఫ్ట్ వాడికీ నైట్ షిఫ్ట్ వాడికీ జత కట్టేస్తారు. మా ఇనుప డబ్బా గదిలో మంచాలు ఆరు, మనుషులం పన్నెండు మందిమి. సాయంత్రం మమ్మల్ని దించిన బస్సే పావుగంట ఆగి, నైట్ వాళ్ళని ఎక్కించుకుపోయేది. పొద్దున వాళ్ళు తిరిగొచ్చేలోపే మేము వెళ్ళిపోయేవాళ్ళం కనుక, నా మంచంలో సగం హక్కుదారుని నేను చూసేది ఆ పావుగంటలోనే. ఆయన లేచిన పరుపులో నేను పడేవాణ్ణి, నేను లేచిన పరుపులో ఆయన పడేవాడు. దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్ళవి.

మొదటి వారం నాకు ఒళ్ళు మండిపోయింది. పరుపు మీద చెయ్యి పెడితే ఎవరిదో ఒంటి వేడి తగిలేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది, కాదనను. ఆ వేడి పోయేదాకా మంచం అంచున కూర్చుని అందరినీ తిట్టుకునేవాణ్ణి. కాని ఫిబ్రవరిలో అక్కడ సముద్రం మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దిగుతుంది. పన్నెండు గంటలు ఇనుములో పనిచేసి వచ్చినవాడికి వెచ్చటి పరుపు దొరకడం చిన్న సంగతి కాదు. రెండో వారానికల్లా బస్సు దిగుతూనే కాళ్ళు అటే లాగేవి.

ఆయన యాభై దాటిన మనిషి. జగిత్యాల దగ్గర పల్లె. స్కాఫోల్డింగ్ పని, అంటే మేము ఎక్కి పనిచేయడానికి ఇనుప గొట్టాలతో మంచెలు కట్టేవాడు. ఈ దేశం వచ్చి ముప్పయ్యేళ్ళు. మొదటి పదేళ్ళు ఎడారిలో ఉనైజా ఊరి అవతల ఖర్జూరం తోటలో నీళ్ళు కట్టాడు. పలచటి మనిషి, మాట తక్కువ. లేచి వెళ్ళేటప్పుడు తలగడ పక్కన ఫ్లాస్కులో టీ ఉంచేవాడు. "తమ్మీ, చాయ్ ఉంది, తాగి పండుకో" అని అంటూనే చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు. నేను పొద్దున మెస్‌లో ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు తినకుండా అదే చోట పెట్టేవాణ్ణి. మా కాపురం అలా కుదిరింది.

ఒకరోజు ఆయనకి చెప్పాను, మనమే కాదన్నా, యుద్ధంలో జర్మనీ సబ్‌మెరైన్లలో కూడా ఇద్దరికి ఒకటే మంచమని.

ఆ సబ్‌మెరైన్ల పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. మాది విశాఖపట్నం, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. నేను ఆరో తరగతిలో ఉండగా మన నేవీ వాళ్ళ పాత సబ్‌మెరైన్ని బీచ్ రోడ్డుకి లాగి తెచ్చి జనం చూడటానికి పెట్టారు. ఊరంతా ఎగబడింది. నేను లోపలికి దూరి, గోడకి వేలాడుతున్న ఆ ఇరుకు మంచాలు చూసి కదలకుండా నిలబడిపోతే వెనకవాళ్ళు నెట్టారు. ఎందుకు నిలబడ్డానంటే, మా ఇంట్లో ఒక కథ ఉండేది. మా తాతకి అన్న ఒకాయన పెద్ద యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళ ఓడలో కళాసీగా వెళ్ళాడు. బాయిలర్లో బొగ్గు ఎత్తిపోసే పని. ఓడ తిరిగి రాలేదు. "జెర్మనీవోడి నీటికింద ఓడ ముంచీసిందంట" అని రేవులో ఎవరో అన్నారు, అంతే. ఏ ఓడ, ఏ సముద్రం, ఎప్పుడు, ఒక్క ముక్క కబురు లేదు. ఆయన భార్యని, మా పెద్ద నాన్నమ్మని, నేను చూశాను. చచ్చిపోయేదాకా నుదుటిన ఇంత బొట్టు పెట్టుకునేది. ఎవరైనా ఏమైనా అంటే, "ఆడు పోనాడని నాకెవులు సెప్పారు?" అని ఎదురు తిరిగేది.

అందుకే పెద్దయ్యాక జగదాంబ జంక్షన్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కనిపిస్తే కొన్నాను. జర్మనీ సబ్‌మెరైన్ల గురించి. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్ళు చదివాను. ఐటీఐ పుస్తకాలు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ఆ ఇనుప గొట్టంలో యాభై మంది దాకా ఉండేవాళ్ళట. బయల్దేరేటప్పుడు రెండు మరుగుదొడ్లలో ఒకదాన్ని తిండి సరుకులతో నింపేసేవాళ్ళట. స్నానం లేదు, ఒంటికి సెంటు రాసుకోవడమే. రొట్టెలకి తెల్లగా బూజు పట్టి కుందేళ్ళలా కనిపించేవట. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే వేడి పరుపులో పడటమట. నలుగురు వెళ్తే ముగ్గురు తిరిగి రాలేదట. వాళ్ళు అరేబియా సముద్రం దాకా, ఈ గల్ఫ్ మూతి దాకా కూడా వచ్చారు. అక్కడే మునిగిన ఒకదాంట్లోంచి ఒక్క మనిషే బతికి బయటపడ్డాడని తర్వాత ఫోన్‌లో ఏదో వీడియోలో విన్నాను. హిట్లర్ కోసం ఓడలు ముంచిన వాళ్ళ మీద నాకేమీ ప్రేమ లేదు. మా పెద్ద తాతని ముంచింది వాళ్ళలో ఎవడో ఒకడు. ఆ ఎవడో ఎలా పడుకున్నాడో, ఏం తిన్నాడో తెలుసుకోవాలని ఉండేది, ఎందుకో.

ఇదంతా పావుగంటల్లో, విడతలు విడతలుగా, నా మంచం భాగస్వామికి చెప్పాను. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ వినేవాడు.

"మరి గా ఓడలల్ల మునిగినోళ్ళ ముచ్చట రాసిండ్రా నీ పుస్తకంల?"

"లేదన్నా. ఓడ పేరు, బరువు రాశారు."

"రాయరు తీ. బొగ్గు ఏసెటోని ముచ్చట ఎవలు రాస్తరు" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పటికి మా ఆవిడకి ఎనిమిదో నెల. రెండో కాన్పు. మొదటి కాన్పప్పుడు కూడా నేనిక్కడే ఉన్నాను. బాబు పుట్టినట్టు నాకు ఒకటిన్నర రోజు తర్వాత తెలిసింది. పొద్దంతా ప్లాంటులో, ఆపైన ఒళ్ళు తెలియని నిద్ర, మళ్ళీ ప్లాంటు. చూసేసరికి ఫోన్ నిండా మిస్డ్ కాల్స్. వాడు పుట్టాడన్న సంతోషం కన్నా, నాకు తెలియకుండా పుట్టేశాడన్న దిగులు ఎక్కువైంది. ఆ ఒకటిన్నర రోజూ నేనేం చేశానో గుర్తు తెచ్చుకుంటే, ఒక పైపు గ్రైండింగ్ చేశాను, పప్పు బాగాలేదని మెస్‌లో గొడవపడ్డాను. కొడుకు పుట్టాక నేను చేసిన మొదటి పని పప్పు గురించి పోట్లాట.

మా ఆవిడ ఆ సంగతి మరవలేదు. ఈసారి ముందే చెప్పేసింది. "నొప్పులొచ్చినప్పుడు నీకు చెప్పారా అని అడిగితే, చెప్పీసాం చెప్పీసాం అని అందరూ అబద్ధమాడీసారు నాతోటి. నువ్వు ఇనీసావు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. తీరా చూస్తే నువ్వెక్కడో పడుకుని ఉన్నావు. ఈసారి రాకపోతే పోనీ. ఆ గంటలోనే నీకు తెలియాల. నీకు తెలిసిందని నాకు తెలియాల. అంతే."

వెళ్ళడం ఎలాగూ కుదరదు. షట్‌డౌన్ అయ్యాకే ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే ఇంటికెళ్ళి తిరిగొచ్చే వీసా, ఇస్తామన్నారు. ఆ గంటలో తెలుసుకోవడమూ అంత సులువు కాదు. రిఫైనరీ గేటు లోపలికి ఫోన్ తీసుకెళ్ళకూడదు, నిప్పురవ్వ భయం. పైగా నా పని వెసెల్ లోపల. వెసెల్ అంటే అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం. పక్కన గుండ్రటి బొక్క ఉంటుంది, అందులోంచి ఒక్కొక్కరుగా దూరి వెల్డింగ్ చేయాలి. బొక్క దగ్గర ఒక మనిషి కూర్చుని ఎవరు లోపలికెళ్ళారో, ఎవరు బయటికొచ్చారో రాస్తుంటాడు. ఆయన్ని హోల్ వాచ్ అంటారు. లోపల మాట వినపడదు కాబట్టి, ప్రమాదం వస్తే ఆయన సుత్తితో గోడ మీద ఆపకుండా కొడతాడు. అది వింటే అన్నీ వదిలేసి బయటికి రావాలి. ఆ గొట్టంలో పడుకుని పైకి చూస్తూ వెల్డింగ్ చేస్తుంటే నాకు జర్మనీ వాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆ పుస్తకంలో సంగతే ఇంకొకటి ఆయనకి చెప్పాను. సబ్‌మెరైన్ నుంచి మాట్లాడితే శత్రువు పసిగట్టేస్తాడు. అందుకని వాళ్ళు వినడమే ఎక్కువ, మాట్లాడటం తక్కువ. అలాంటప్పుడు సముద్రం మధ్యలో ఉన్న నావికుడికి ఇంటి దగ్గర బిడ్డ పుడితే ఒడ్డు నుంచి రేడియోలో కబురు పంపేవాళ్ళు. మగపిల్లాడైతే, పెరిస్కోప్ ఉన్న సబ్‌మెరైన్ వచ్చిందని. ఆడపిల్లయితే, పెరిస్కోప్ లేని సబ్‌మెరైన్ వచ్చిందని.

పెరిస్కోప్ అంటే నీళ్ళ పైకి చూడటానికి నిటారుగా లేచే గొట్టమని చేత్తో చూపించాను. ఆయన మంచం కోడు పట్టుకుని నవ్వాడు. అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. "వారీ! గంత యుద్ధంల గుడ గీ ముచ్చట మర్వలేదా?" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "మరి ఆ తండ్రి ఏం జెప్పిండు వాపసు?" అని అడిగాడు.

"ఏం చెప్పకూడదన్నా. వినడమే."

"నీ ఫోను నా తానికి ఇడిసిపో. పొద్దంత నేను ఈన్నే ఉంట గద" అన్నాడు.

మరో పావుగంటలో ప్రణాళిక తయారైంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఆయన ఎత్తుతాడు. సైట్ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి చేస్తాడు. అక్కడ టైమ్‌కీపర్ హైదరాబాదు మనిషి, ఉర్దూలో నాలుగు తీపి మాటలు చెబితే కరిగిపోయే రకం. ఆయన వాకీటాకీలో మా హోల్ వాచ్‌కి ఒక్క ముక్క చెబుతాడు. హోల్ వాచ్ బంగ్లాదేశ్ ఆయన, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. ఆయన వెసెల్ గోడ మీద కొడతాడు. పెరిస్కోప్ ఉంటే ఒక దెబ్బ. లేకపోతే ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ. ప్రమాదం గంటలా అనిపించకుండా బాగా ఆగాలని చెబితే, ఆయన తొడ మీద కొట్టి చూపించి, "ఠీక్ హై భాయ్?" అని నాలుగుసార్లు అడిగాడు. మా వాడికి చెల్లెలు కావాలని నాకుండేది. పైకి చెప్పలేదు.

మా అత్తారింటి వాళ్ళకి తన నంబరు కూడా ఇమ్మని నా మంచం భాగస్వామే అన్నాడు, ఎందుకైనా మంచిదని. ఇచ్చి ఊరుకున్నాను.

డాక్టరు చెప్పిన తేదీకి రెండు రోజుల ముందు పరుపు చల్లబడింది.

సాయంత్రం వచ్చి చెయ్యి పెడితే చల్లగా, నున్నగా ఉంది. దుప్పటి మడత మడతే. ఫోన్ మాత్రం తలగడ మీద ఉంది. టీ ఫ్లాస్కు లేదు. అప్పటికే ఆయన బస్సెక్కేశాడు. మర్నాడూ అంతే. మూడోరోజు ఫోన్లో ఛార్జింగ్ పన్నెండు శాతం ఉంది, నేను నిండా పెట్టి వెళ్ళింది. పై మంచం నైట్ షిఫ్ట్ వాణ్ణి అడిగితే, "గాయన పొద్దంత బయట గోడ దగ్గర కూసుంటుండు. నీ ఫోను పట్టుకోని సూస్తుండు" అన్నాడు.

ఇక్కడ నా లోపలి సంగతి ఒకటి చెప్పకపోతే తర్వాత చేసిన పని అర్థం కాదు. మా పేట పిల్లలం బడికి వెళ్తే బెంచీ మీద పక్కవాడు జరిగి కూర్చునేవాడు. చేపల వాసనట. ఒక ఏడాదంతా నా బెంచీలో నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఆ చల్లటి పరుపు మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు ఆ బెంచీ గుర్తొచ్చింది. నా పరుపులో పడుకోలేక బయట కూర్చుంటున్నాడు, పైగా నా ఫోన్‌తో కాలక్షేపం చేస్తున్నాడు అనుకున్నాను. నెలన్నర పడుకున్నవాడికి ఇప్పుడెందుకు వాసన వేస్తుందని ఆలోచించే బుర్ర ఉంటే నేను నేనెందుకవుతాను?

నాలుగోరోజు బస్సు దిగీ దిగకుండానే పట్టుకున్నాను. "నా పరుపు నీకు పడకపోతే ముందే చెప్పొచ్చు కదన్నా?"

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అట్లేం లేదు తమ్మీ. లోపట ఊపిరాడ్తలేదు, జర బయట కూసుంటున్న" అన్నాడు.

ఊపిరాడటం లేదన్న మాటతో పుండు మీద కారం చల్లినట్టయింది. నా ఫోన్ లాక్కున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికి పోయి, ఆయనకి మా గది పడటం లేదట, మార్చేయండి అని చెప్పాను. ఆ క్యాంపులో ఏ పనీ ఎప్పుడూ జరగనంత చకచకా ఇది జరిగిపోయింది. మర్నాటికి ఆయన పెట్టె వెనక బ్లాకుకి వెళ్ళిపోయింది. నా మంచంలోకి ఇంకో నైట్ షిఫ్ట్ కుర్రవాణ్ణి వేశారు. ఫోన్ ఎక్కడ పెట్టి వెళ్తానో వాడికి చూపించి, విషయం రెండుసార్లు చెప్పాను. "సరే అన్నా" అని ఆవులించాడు.

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదో, పదో అయి ఉంటుంది. వెసెల్ లోపల నేనూ ఇంకో ఇద్దరూ ఉన్నాం. నేను వెల్లకిలా పడుకుని బ్రాకెట్‌కి రెండో వరస వెల్డింగ్ వేస్తున్నాను. గోడ మీద టంగ్‌మని ఒక దెబ్బ పడింది.

చెయ్యి ఆగిపోయింది. పెరిస్కోప్ అనుకున్నాను. మిగతా ఇద్దరూ నావైపు చూశారు. గ్రైండర్ ఆపమని చేత్తో సైగ చేశాను. ఎంతసేపో తెలియదు. ఆ బంగ్లాదేశ్ మహానుభావుడు బాగా ఆగమన్నానని మరీ అంత ఆగాడు. అప్పుడు ఇంకో దెబ్బ పడింది.

నేను మాస్క్ తీసి కళ్ళు తుడుచుకున్నాను. ఆ పొగలో, ఆ ఇనుములో పడుకుని, విశాఖపట్నంలో నాకు కూతురు పుట్టిందని నాకు తెలుసు. ఇప్పుడే, ఈ గంటలోనే. మా ఆవిడ ఇంకా బల్ల మీదే ఉండి ఉంటుంది. సబ్‌మెరైన్ వాళ్ళు తిరిగి ఏమీ చెప్పకూడదు. నాకు ఆ నియమం లేదు కదా! వెల్డింగ్ పెచ్చులు రాల్చే చిప్పింగ్ హ్యామర్ తీసి లోపలి నుంచి గోడ మీద రెండు కొట్టాను. బయట నుంచి వెంటనే రెండు దెబ్బలు వినిపించాయి. మళ్ళీ కొట్టాను. ఫోర్‌మన్ వచ్చి బొక్కలో తల పెట్టి, లోపలేం జరుగుతోందని అరిచేదాకా కొట్టుకున్నాం.

సాయంత్రం గదికి వచ్చేసరికి కొత్తవాడు బస్సెక్కేశాడు. ఫోన్ తలగడ కింద ఉంది, సైలెంట్‌లో. పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఒక్కటీ ఎత్తలేదు. మరి దెబ్బలెలా పడ్డాయి?

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ గొంతు నీరసంగా, హాయిగా ఉంది. "తెలిసిపోయిందట కదా నీకు. నువ్వు రెండు దెబ్బలు కొట్టావంట, మీ ఆఫీసోళ్ళు ఆయనకి చెప్పారంట. నాకు పావుగంటలో చెప్పీసాడు మీ అన్నయ్య" అంది.

"ఏ అన్నయ్య?"

"జగిత్యాల అన్నయ్య. నీ ఫోన్ ఎవులూ ఎత్తకపోతే అమ్మ ఆయన నంబరుకే చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు. వారం నుంచి రోజూ మాట్లాడతన్నాం కదా. పడుకోలేదా అన్నయ్యా అనడిగితే, మంచంల పంటే సచ్చినట్టు పంట చెల్లే, మోగినా ఇనబడదు, అందుకే బయట కూసున్న అంటాడు. పిచ్చి మనిషి. మంచిగా చూసుకో ఆయన్ని."

ఫోన్ పెట్టేసి పరుగెత్తాను. బస్సు ఇంకా కదల్లేదు. ఆయన కిటికీ పక్కన తల ఆనించి కూర్చున్నాడు. వారం రోజులు సరిగ్గా నిద్ర లేకుండా ఆ మనిషి నలభై అడుగుల ఎత్తున గొట్టాలు బిగించాడు. నేను ఆయన మీద ఫిర్యాదు చేశాను. అద్దం మీద కొడితే జరిపాడు.

"పెరిస్కోప్ లేదంట గద" అన్నాడు నవ్వుతూ.

"అన్నా, ఎందుకు చెప్పలేదు నాకు? నేనేదో అనుకుని... నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు పండుకొమ్మంటవు. నువ్వు గట్లనే అంటవు, నాకు తెల్వదా?"

"నా ఫోన్ లాక్కున్నాక కూడా ఎందుకు కూర్చున్నావు?"

డ్రైవరు హారన్ కొట్టాడు. "నాకు ముగ్గురు తమ్మీ" అన్నాడు. "ముగ్గురు గుడ ఉత్తరంల పుట్టిండ్రు. ఉనైజా తోటల ఉన్నప్పుడు. పెద్దది పుట్టిన పందొమ్మిది దినాలకు తెల్సింది. నేను సంబురపడే యాళ్లకు గాడ అందరి సంబురం అయిపోయింది. నువ్వొక్కడివన్న యాళ్లకు ఇంటవని కూసున్న."

బస్సు కదిలింది. దాని వెంట నాలుగడుగులు నడిచాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా అడుసు కడిగితే పోయేది కాదు. క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్ళి, ఆయన్ని మళ్ళీ మా గదికి వేయమని బతిమాలాను. "రోజుకో మాటా? ఇదేమైనా మీ అత్తగారిల్లా?" అని తరిమేశాడు.

వెనక బ్లాకు వాళ్ళ బస్సు వేళలు మార్చేశారు. ఆ తర్వాత ఆయన్ని నేను చూసింది రెండుసార్లు, అదీ గేటు దగ్గర, ఆయన క్యూ అటు, నా క్యూ ఇటు. చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించేవాడు. నేనూ చూపించేవాణ్ణి. మేమిద్దరం ఎప్పుడో ఒకసారి సరిగ్గా కూర్చుని ఒక కప్పు టీ తాగే ఉంటామని మీరనుకుంటారు. మేము కలిసి ఒక్కసారి కూడా టీ తాగలేదు.

షట్‌డౌన్ చివరి వారంలో నైట్ షిఫ్ట్ ఎత్తేశారు. నా మంచం నాకొక్కడికే మిగిలింది. కాళ్ళు చాపుకుని, ఎటు దొర్లితే అటు పడుకోవచ్చు. అయినా నిద్ర పట్టేది కాదు. రోజూ చల్లటి పరుపు.

ఇప్పుడు ధహ్రాన్‌లో నాకు సొంత గది ఉంది, మెత్తటి పరుపు ఉంది, చలికాలం వేడిగాలి వదిలే ఏసీ ఉంది. ఆ ఎండాకాలమే ఇంటికి వెళ్ళి పాపని ఎత్తుకున్నాను. దానికిప్పుడు మూడేళ్ళు నిండాయి. వీడియోలో నన్ను చూడగానే వేలి కణుపుతో ఫోన్ మీద రెండుసార్లు కొడుతుంది, వాళ్ళమ్మ నేర్పింది. ఆయన సౌదీ నంబరు ఆగిపోయింది. ఊరి నంబరు తీసుకోవాలని నాకూ తోచలేదు, మా ఆవిడకీ తోచలేదు. జగిత్యాల వైపు వాళ్ళు ఎవరు కనపడినా, ఉనైజాలో ఖర్జూరం తోటలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా తెలుసా అని అడుగుతాను. అలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారన్నా అంటారు.

ఆ చివరి వారంలో ఆయన వెళ్ళిపోయే రోజు ఏదో నాకు ముందు తెలియదు. నైట్ వాళ్ళందరికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇళ్ళకి పంపేస్తున్నారని మాత్రం విన్నాను. ఆ సాయంత్రం బస్సు దిగి గదిలోకి వెళ్ళి, అలవాటుగా పరుపు మీద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

తలగడ పక్కన ఫ్లాస్కు ఉంది. మూత తీస్తే పొగలొచ్చాయి. పై మంచం వాడు, ఆ రోజు ఒంట్లో బాగాలేక ఉండిపోయినవాడు, కిందికి వంగి చెప్పాడు. "పొద్దుగాల్ల వచ్చిండన్నా. జర పండుకుంటనన్నడు. పొద్దంత మస్తు నిద్రపోయిండు, గుర్రు గుడ పెట్టిండు. ఇప్పుడే దమ్మాం ఎయిర్‌పోర్టు బండి వచ్చి తీస్కపోయింది. మీ బస్సు గేట్ల దూరుతుంటే వాళ్ళ బండి బయటికి పోయింది."

బయటికి పరుగెత్తలేదు. పరుగెత్తితే పరుపు చల్లారిపోతుంది. బూట్లు కూడా విప్పకుండా ఆయన పడుకున్న గుంటలోనే పడుకుని, ఆ వేడి తగ్గి నా వేడి మిగిలేదాకా కదలకుండా ఉన్నాను.